ఏడో దెబ్బ

ఏమోయ్, ఆ గోడకి ఆనుకుని కూర్చున్నవాడివి, నిన్నే. నన్నెవడూ బురిడీ కొట్టించలేడన్నట్టు ఆ మొహం ఏంటి? ముందు చొక్కా గుండీలు చూసుకో, పైగుండీ కింది కాజాలో పెట్టుకుని వచ్చావు. చూసుకున్నావా? సరిగ్గానే ఉంది కదా. కథ మొదలవకుండానే ఒకసారి పడ్డావు. సిగ్గుపడకులే. ఈ కథలో పడినవాడి ముందు నువ్వెంత, నీ గుండీ ఎంత.

గొడుగుల మామ అని ఒకడుండేవాడు. అసలు పేరు ఓటర్ల జాబితాకి తప్ప ఇంకెవరికీ తెలీదు. రెండంతస్తుల మేడమెట్ల కింద, లేచి నిలబడితే నెత్తికి మెట్టు కొట్టుకునేంత జాగాలో అతని దుకాణం. విరిగిన గొడుగు పుల్లలు మార్చడం, చిరిగిన గుడ్డ కుట్టడం, పట్టేసిన పిడి వదులు చెయ్యడం, అదే బతుకు. చదువు నాలుగో క్లాసు, అది కూడా రెండుసార్లు చదివాడు. పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. వంకంతా మనిషిలోనే ఉంది. బాగుచేసిన గొడుగులో గుప్పెడు కాగితం ముక్కలు పోసి, బుద్ధిగా మడిచి చేతికిచ్చేవాడు. ఆసామి నడివీధిలో గొడుగు విప్పితే నెత్తిమీద జలజలా కాగితాల వాన. దాంతో ఆ వీధిలో జనానికి గొడుగు విప్పేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోవడం అలవాటైపోయింది. కొత్తగా వచ్చిన పోస్టుమాన్ పదిహేడో నంబరు ఇల్లెక్కడని అడిగితే, మేడ మీద నీళ్ల ట్యాంకు వెనకాల అని చెప్పి రెండంతస్తులూ ఎక్కించి దించాడు. ఆ మామ నిజం చెప్పాలంటే నిద్దట్లోనే చెప్పాలి అని వీధిలో ఒక సామెతే పుట్టింది.

ఈ విద్య ఎప్పుడు పట్టుబడిందయ్యా అంటే, అయిదేళ్లప్పుడే అని గర్వంగా చెప్పేవాడు. అమ్మానాన్నా లేని పిల్లలు వాళ్లు, అక్కా తమ్ముడూ. అక్క పన్నెండేళ్లు పెద్దది. ఊళ్లో పెద్దాసుపత్రి దుప్పట్లన్నీ ఉతికి మడతపెట్టే చాకిరేవు లాంటి పెద్ద షెడ్డు ఒకటుండేది, అందులో పని. వీణ్ణి ఇంట్లో ఒంటరిగా వదల్లేక వెంట తీసుకెళ్లి, ఉతికిన దుప్పట్ల వెచ్చటి మూట మీద పడుకోబెట్టేది. పని అయ్యే వేళకి వీడు కళ్లు మూసుకుని దొంగనిద్ర పోయేవాడు. ఎందుకంటే, నిద్రపోతే అక్క లేపదు, వీపున వేసుకుని ఇంటిదాకా మోసుకెళ్తుంది. "అదీ నా తొలి బురిడీ" అనేవాడు మామ, నోట్లో దారం పెట్టుకునే. "రెండేళ్లు నడవకుండా ఇల్లు చేరాను. పిచ్చిది, ఒక్కరోజూ పట్టుకోలేకపోయింది."

ఆ పిచ్చిది ఎక్కువకాలం బతకలేదు. షెడ్డులోని ఆవిరి, సోడా ఘాటు ఊపిరితిత్తుల్లో చేరి, దగ్గి దగ్గి పోయింది. నాలుగేళ్ల కొడుకుని తమ్ముడి చేతిలో పెట్టింది. ఆ బిడ్డ తండ్రి అంతకు ముందే ఎటో వెళ్లిపోయాడు. మామ పెళ్లి మాట తలపెట్టలేదు. మెట్ల కిందే పిల్లాణ్ణి పెంచాడు, గొడుగు గుడ్డతోనే నిక్కర్లు కుట్టాడు. వానొస్తే వాడొక్కడి నిక్కరే తడిసేది కాదని నవ్వించేవాడు.

పిల్లాడు ఒక్కటే అడిగేవాడు: అమ్మ గొంతు ఎలా ఉండేది మామా అని. ఫొటో ఒకటుంది, చేతులెలా ఉండేవో మామ చెప్పగలడు, పగిలి, తెల్లగా నాని ఉండేవని. గొంతు మాత్రం ఎంత తలుచుకున్నా దగ్గే వినిపించేది. ఆ మాట పిల్లాడితో అనలేక, మీ అమ్మ గొంతు అచ్చం రైలుకూతలా ఉండేదిరా, ఆవిడ పిలిస్తే రైళ్లాగేవి అని హాస్యమాడి తప్పించుకునేవాడు. వాడు నవ్వేవాడు కాదు.

వాడే పెద్దయి పాటగాడయ్యాడు. పాత సామాన్ల కొట్లో గీతలు పడ్డ విదేశీ రికార్డులు ఏరుకొచ్చి, వాటిలోని గిటారు చెవులతోనే నేర్చుకున్నాడు. అంతటితో ఆగితే పదిమందిలో ఒకడయ్యేవాడు. భుజాన రికార్డు చేసే యంత్రం తగిలించుకుని ఊళ్లు పట్టుకు తిరిగాడు. రాళ్లు కొట్టేవాళ్ల దగ్గర, పడవలు లాగేవాళ్ల దగ్గర, బావులు తవ్వేవాళ్ల దగ్గర పాటలు పట్టుకొచ్చి, వాటికి కరెంటు గిటారు తగిలించాడు. తోడుగా ఇద్దరు కుదిరారు. డ్రమ్ములు వాయించేవాడు ట్యూషన్లు చెప్పుకునే లెక్కల మాస్టారు, వాణ్ణందరూ లెక్కలూ అనే పిలిచేవారు. బేసు గిటారు వాయించే అమ్మాయి కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసేది. ఏ కంపెనీ వీళ్లని పిలవలేదు, వీళ్లూ ఎవరి గుమ్మం ఎక్కలేదు. మూతపడ్డ గ్యారేజీలో సాధన, పుస్తకాల కొట్టు కింది గదిలో కచేరీ. డిస్కులు వాళ్లే కాపీ చేసుకుని, మామ దుకాణంలో మిగిలిన గొడుగు గుడ్డ ముక్కల్లో చుట్టి, గుండీ కుట్టి ఇచ్చేవారు. వానలో తడవని పాటలు అని మామ ప్రచారం.

పన్నెండేళ్లు అలాగే గడిచాయి. కచేరీకి వచ్చేది అదే పాతికమంది. వాళ్లలో ముగ్గురు వాన తగ్గేదాకా నిలబడ్డవాళ్లు.

ఒకరోజు మధ్యాహ్నం కుండపోత వాన. మామ ఫొటోలు తీసేవాడి పెద్ద తెల్లగొడుగు ఒడిలో పెట్టుకుని కుడుతున్నాడు. మేనల్లుడు వచ్చి మంచం మీద కూలబడ్డాడు. ఇక మానేస్తానన్నాడు. ఊరందరి అమ్మమ్మల పాటలూ పాడాను, మా ఇంట్లో పాటంటూ ఒక్కటీ లేదు, అద్దెబట్టలు వేసుకుని తిరుగుతున్నట్టుంది అన్నాడు. ఏడవలేదు. ఏడిస్తే మామ ఏదో ఒక కోతిచేష్ట చేసి గట్టెక్కేవాడే. వాడు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు, ఆ చూపు చూసి మామకి భయం వేసింది.

అప్పుడన్నాడు మామ, లేకేం, మీ అమ్మ దుప్పట్లు మడతపెడుతూ పాడేది ఒకటుంది అని. అనేశాక పాడాలిగా మరి. సూది ఆపకుండానే ఎత్తుకున్నాడు.

*తెల్లదమ్మా తెల్లది... ఎవరి పక్క మీదిది...*
*లేచి ఇంటికెళ్ళినోడిదా... లేవకుండ పోయినోడిదా...*

ప్రతి ముక్కకీ చివర ఒక్క క్షణం ఆగాడు. ఆగి, దారం పళ్లతో పట్టుకుని, మళ్లీ అందుకున్నాడు. ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయో ఆ మాటలు అతనికే ఆశ్చర్యం. ఫరవాలేదే, నాలుగో క్లాసుకి ఇంత ఉందా అనుకున్నాడు. మేనల్లుడు అప్పటికే యంత్రం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మీట నొక్కి, దాన్ని రెండు చేతుల్తో పొదివి పట్టుకున్నాడు. ఇప్పుడు చెప్పేద్దాం, ఊరికే అన్నానురా అని నవ్వేద్దాం అనుకున్నాడు మామ. ఆ చేతులు చూసి, రేపు చెబుదాంలే అనుకున్నాడు.

ఆ రేపు మూడేళ్లు రాలేదు.

పాట చేస్తుంటే లెక్కలు గోల పెట్టాడు. ఆరు దెబ్బలయ్యాక ఏడోది ఖాళీగా వస్తోంది, ఇది ఏ లెక్కా కాదు, అక్కడ ఏదో ఒకటి కొడతానన్నాడు. మేనల్లుడు ఒప్పుకోలేదు. అమ్మ ఆగింది, మనమూ ఆగుదాం అన్నాడు. అలాగే ఆగారు. ఆ ఖాళీయే జనాన్ని పట్టేసింది. ముగ్గురూ ఒక్కసారిగా చేతులు ఆపేసినప్పుడు గది మొత్తం ఊపిరి బిగబట్టేది. పేపరువాడొకడు రాశాడు, ఆ నిశ్శబ్దంలో తల్లి లేని ఇల్లు వినబడుతుందని. మామ ఆ ముక్క కత్తిరించి మెట్టుకి అంటించాడు. వినబడేది నా నోట్లో దారంరా నాయనా అనుకుని, నవ్వబోతే నవ్వు రాలేదు.

పుస్తకాల కొట్టు కింది గది చాలక హాళ్లలోకి వెళ్లారు. మేనల్లుడు డిస్కు మీద తల్లి ఫొటో వేశాడు. కచేరీలో ఆ పాటకి ముందు కళ్లు మూసుకుని, ఇది మా అమ్మది అనేవాడు, అంతే, ఇంకేం చెప్పేవాడు కాదు. వాడి మొహంలో చిన్నప్పట్నుంచీ ఉన్న ఒక ముడి విడిపోయింది. మామ ఆఖరి వరసలో కూర్చునేవాడు. ఒక పక్క, నాదిరా ఆ పాట, ఈ మెట్ల కింది వెధవది అని లేచి అరవాలనిపించేది. ఇంకో పక్క, లేచి పారిపోవాలనిపించేది. బురిడీ అన్నాక ఎప్పుడో ఒకప్పుడు గొడుగు విప్పాలి, కాగితాలు రాలాలి, అందరూ నవ్వాలి. ఈ గొడుగు విప్పితే రాలేది కాగితాలు కావు.

ఇంతలో పాత పాటలు సేకరించి భద్రపరిచే సంస్థవాళ్లు కబురు పెట్టారు. ఆ పాటని చేర్చుకుంటామని, ఎవరు, ఎక్కడ, ఏ పని చేస్తూ పాడేవారో తెలిసినవాళ్లు వచ్చి మైకులో చెప్పాలని. తెలిసినవాడు మామ ఒక్కడే. మేనల్లుడు సంబరంగా కొత్త చొక్కా తెచ్చి మామకి తొడిగి చూశాడు. నూరేళ్ల తర్వాత ఎవరో అమ్మ పేరు చదువుతారు మామా అన్నాడు.

వీధినీ పోస్టుమాన్‌నీ ఏమార్చడం వేరు. చచ్చిపోయిన అక్క పేరు మీద, నూరేళ్లు దాచిపెట్టే యంత్రంలో అబద్ధం చెప్పడానికి మామకి మనసొప్పలేదు. ముందురోజు సాయంత్రం ఆ కొత్త చొక్కా విప్పి మడత పెడుతూ అన్నాడు.

"ఒరే, ఆ పాట మీ అమ్మది కాదురా."

"మరెవరిదట?"

"నాదే. ఆ వానలో కూర్చుని అల్లేశాను."

మేనల్లుడు పకపకా నవ్వాడు. "బావుంది మామా. రేపు మైకు ముందు మాత్రం ఈ కోతివేషాలెయ్యకు."

జన్మలో మొదటిసారి నిజం చెబితే నమ్మేవాడు లేడు. వాణ్ణి నమ్మించడానికి మామ చెమటోడ్చాల్సి వచ్చింది. తెల్లది అన్నది ఫొటోలవాడి గొడుగు చూసి అన్నాడు. పక్క అన్నది వాడు కూర్చున్న మంచం కనబడి అన్నాడు. ఆ ఏడో దెబ్బ దగ్గర ఆగింది, దారం పళ్ల మధ్య పెట్టుకుని తెంపడానికి. ఒక్కొక్కటీ చూపిస్తూ చెప్పాడు, దొంగ దొరికిపోయాక సొత్తు ఒకటొకటే బయటపెట్టినట్టు. చెబుతున్నకొద్దీ మేనల్లుడి మొహంలో నవ్వు మెట్టు మెట్టుగా దిగిపోయింది. పాత ముడి మళ్లీ పడింది.

వాడు అడిగాడు, "అయితే అమ్మ అసలేం పాడేది?"

"గుర్తులేదురా. దగ్గొక్కటే గుర్తుంది."

మర్నాడు వాడొక్కడే వెళ్లి, ఈ పాట మా అమ్మది కాదు, ఎవరిదీ కాదు, దయచేసి రాసుకోవద్దని చెప్పి వచ్చేశాడు. తర్వాతి కచేరీలో హాలంతా వింటుండగా మైకులోనే అదే మాట చెప్పి, గిటారు కింద పెట్టి దిగిపోయాడు. జనం మొదట ఇదో తమాషా అనుకున్నారు. తర్వాత కోపం తెచ్చుకున్నారు. వాళ్ల తప్పూ లేదు, ఆ ఖాళీలో ఎవరి తల్లిని వాళ్లు పెట్టుకుని ఏడ్చారు మరి. లెక్కలు మామ దుకాణానికొచ్చి నిలబడ్డాడు. మూడేళ్లుగా నేను లెక్కపెట్టింది మీ నోట్లో దారాన్నా అని అడిగి, జవాబు కోసం చూడకుండా వెళ్లి, హోటల్లో సాయంత్రాలు వాయించే బృందంలో చేరిపోయాడు. బేసు అమ్మాయి అద్దాలు అరగదీసుకుంటూ ఉండిపోయింది.

మేనల్లుడు ఊరవతల అట్టపెట్టెల గోడౌనులో పనికి కుదిరాడు. అక్కడే ఒక గది తీసుకున్నాడు. గిటారు మెట్ల కిందే వదిలేశాడు. మామతో పోట్లాడలేదు. ఆదివారం ఆదివారం వచ్చి, కూర్చుని, వెళ్లేవాడు. ఒకటే మారింది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ మామా, నువ్వు అన్నవాడు, "మామయ్యా, మీరు భోంచేశారా?" అనడం మొదలుపెట్టాడు. తిట్టినా బాగుండేది. ఆ 'మీరు' విన్నప్పుడల్లా మామకి మెట్టు నెత్తికి కొట్టుకున్నట్టుండేది. గొడుగుల్లో కాగితాలు పొయ్యడం మానేశాడు. వీధిలో జనం అలవాటుగా మొహం పక్కకి తిప్పి గొడుగు విప్పేవారు, ఏమీ రాలేది కాదు, వాళ్లకీ ఏదో వెలితిగా ఉండేది.

మళ్లీ వానాకాలం వచ్చింది. దుకాణం ముందు బల్ల మీద నలుగురు గొడుగులతో కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒక పెద్దావిడ, డెబ్భై దాటి ఉంటుంది, తడిసిన శాలువా ఒళ్లో పెట్టుకుని ఉంది. మామ పుల్లకి తీగ చుడుతూ, తెలియకుండానే కూనిరాగం తీస్తున్నాడు. తెల్లదమ్మా తెల్లది.

ఆగాడు.

ఆ ఖాళీలో ఫట్‌మని చప్పుడైంది. పెద్దావిడ తడి శాలువాని రెండు చేతుల్తో పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించింది. బల్ల మీదివాళ్లు ఉలిక్కిపడ్డారు. మామ తల ఎత్తాడు. ఆవిడ మాత్రం తనేం చేసిందో తనకే తెలియనట్టు శాలువాకేసి చూసుకుంటోంది. మామ నోరు దానంతట అదే రెండో ముక్క పాడింది, ఆగింది. మళ్లీ ఫట్‌మంది. ఆ తర్వాత ఆవిడ అందుకుంది, మామ ఎన్నడూ పాడనిది, పాడాలని తనకి తట్టనైనా తట్టనిది.

*మరకలైతే ఉతుకుదు... మనాదెలా ఉతుకుదు...*

ఆసుపత్రి దుప్పట్ల షెడ్డులో ఇరవై ఏళ్లు మడత పనిచేశానని చెప్పింది. దుప్పటి మడత ఒక్కరి వల్ల కాదట. చెరో కొసా పట్టుకుని ఇద్దరు ఎదురెదురుగా ఆరడుగులు నడవాలి, కలిసేచోట ఫట్‌మని దులపాలి. పాట ఆగేది ఊపిరికి కాదు, దులపడానికి. ఈ పాట కట్టింది నా ఎదుట కొస పట్టుకునే పిల్ల, పాపం ఊపిరితిత్తులు పోయి చచ్చిపోయింది, నీకెక్కడ దొరికింది నాయనా అని అడిగింది.

నలభై ఏళ్లుగా ఎవర్నీ పిలవని పిలుపు ఒకటి అతని నోట్లోంచి వచ్చింది.

"అక్కా, నాతో ఒకచోటికి వస్తావా?"

దుకాణం కట్టేసి, కుట్టవలసిన గొడుగే ఆవిడకి పట్టి, బస్సెక్కించి గోడౌనుకి తీసుకెళ్లాడు. అన్నం వేళ. మేనల్లుడు పేర్చిన పెట్టెల పక్కన ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. విషయం చెబితే, మామయ్యా, మళ్లీ మొదలెట్టారా అన్నాడు నీరసంగా. పెద్దావిడ వాదించలేదు. పెట్టెల మీద కప్పిన పరదా లాగి, ఒక కొస వాడి చేతిలో పెట్టి, రెండో కొసతో వెనక్కి నడిచింది. "రా బాబూ. ఆరడుగులు."

నడిచారు. కలిసినచోట పరదా ఫట్‌మని గోడౌను రేకుల దాకా మోగింది. మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి. మూడోసారికి మేనల్లుడి కాళ్లు తమంతట తామే నడిచాయి. మూడేళ్లు వేళ్లు బిగబట్టి ఆపుకున్నచోట వాడి చేతులు ఇప్పుడు విదిలిస్తున్నాయి. పరదా సగమై, పావై, చేతుల మధ్య మూటయ్యాక, ఆవిడ ఆఖరి ముక్క పాడింది.

*మూటలోని బుల్లోడా... దొంగనిదర పోయేవా...*
*విననట్టే వింటావు... అన్నీ దాచిపెడతావు...*

మేనల్లుడు మడిచిన పరదాని పొట్టకి అదుముకుని నిలబడ్డాడు. మామకేసి చూశాడు.

"అబద్ధం చెప్పావు మామా. పాట నీదని అబద్ధం చెప్పావు."

'నువ్వు' వచ్చిందని మామకి వినబడింది. ఏడుపొచ్చేంత సంతోషం వచ్చింది, కానీ వాడు ఇంకా ఆపలేదు. "ఇప్పుడు అమ్మదేనని ఎవరికి చెప్పను? కాదని నేనే మైకులో చెప్పాను. ఇంక ఎవడు నమ్ముతాడు?" పని గంట కొట్టారు. వాడు పరదాని పెట్టెల మీద పెట్టబోయి, పెట్టలేక, చంకలో పెట్టుకునే లోపలికి వెళ్లాడు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు వాన పడుతూనే ఉంది. ఒక్క గొడుగు కింద ఇద్దరు. అరవై ఏళ్ల మామ, అయిదేళ్లవాడిలా కిందకి చూస్తూ అడిగాడు, బుల్లోడిది దొంగనిద్రని అక్కకి ఎప్పుడు తెలిసిందని.

"మొదటిరోజే" అంది పెద్దావిడ. "నిద్రపోయిన పిల్లాడు బరువెక్కువ ఉంటాడు, వీడు తేలిగ్గా ఉన్నాడే అని నవ్వేది. ఆ దగ్గుతోనే, రెండేళ్లూ తెలిసే మోసింది."